తోక వీసా

"నీ పాస్‌పోర్టు పేజీలన్నీ ఫోటో తీసి పంపమన్నాను కదా ఎర్కీ, పంపావా?"

తడి దుప్పటిని మెలిపెట్టి పిండుతూ, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఇర్యా అడగడం అది మూడోసారి. అవతల ఫిన్లండులో ఆమె మొగుడు వేటగాళ్ళ గుడిసెలో దుప్పి మాంసం కోస్తున్నాడు.

"పొద్దున్నే నీకిదేం గోల? ఇక్కడ చేతులనిండా నెత్తురు."

"కడుక్కుని తియ్యి."

"మొదలైంది," అన్నాడతను పక్కనున్న ఎవరితోనో. ఆ ఎవరో నవ్వాడు.

దుప్పటి తీగమీద వేసేలోపు ఫోటోలు వచ్చాయి. చేతులు గౌనుకు తుడుచుకుని ఒక్కో పేజీ పెద్దది చేసి చూసింది. మొదటినుంచి చివరిదాకా ఒకసారి, చివరినుంచి మొదటిదాకా ఇంకోసారి. బయటికి వెళ్ళినట్టు ముద్ర ఉంది. మళ్ళీ వస్తానన్న ముద్ర లేదు.

పరాయిదేశపు ఈ సముద్రతీరపు ఊరు హువా హిన్‌లో కాపురమున్న ముసలి ఫిన్లండువాళ్ళందరికీ తెలిసిన సంగతే. రిటైరైనవాళ్ళకిచ్చే ఏడాది వీసా చేతిలో ఉన్నా, దేశం దాటేముందు తిరిగి రావడానికని విడిగా ఒక ముద్ర వేయించుకోవాలి. లేకపోతే దేశం దాటగానే ఆ వీసా చచ్చిపోతుంది. పదేళ్ళుగా ఎర్కి వేటకు వెళ్ళే ముందు ఆ ముద్ర వేయించి పంపింది ఇర్యాయే. ఈ అక్టోబరులో మాత్రం "నేనేమన్నా పసిపిల్లాడినా? విమానాశ్రయంలోనే వేస్తారు, నేను చూసుకుంటాను" అని ఫైలు ఆమె చేతిలోంచి లాక్కున్నాడు. అక్కడ అతను చూసుకున్నది పాత స్నేహితుడితో బీరు.

పోయింది అతనిదొక్కటే అయితే ఇంత గుండెదడ ఉండేది కాదు. ఆమె వీసా అతని వీసాకు తోక. భర్తకు మంజూరైంది, భార్య వెంట ఉంటుంది, అంతే దాని అర్థం. మంగళవారంతో ఇద్దరి గడువూ ముగుస్తుంది. ఆదివారం అతనొస్తే సోమవారం కలిసి వెళ్ళి మరో ఏడాది వేయించుకుందామనుకున్నారు. ఇప్పుడతను వచ్చినా మామూలు పర్యాటకుడే. ఆ రోజు శుక్రవారం.

ఇదంతా ఆమె ఎర్కికి ఫోన్‌లో చెప్పింది. దుప్పిని ఎవరెవరికి ఎంత పంచాలో చెప్పినంత తేలిగ్గా చెప్పాడతను. "సరే, ఎలాగూ నాకు మోకాళ్ళు బాలేవు. నేనింక రాను. నువ్వే సామాను సర్దుకుని వచ్చెయ్. స్కూటరు అమ్మెయ్. టికెట్టు సాతు తీస్తుందిలే."

కూతురు సాతు పది నిమిషాల్లోనే ఫోన్ చేసింది. "అమ్మా, ఒకందుకు మంచిదే అయింది. పిల్లల్ని చూసుకునే మనిషి మానేసింది. నువ్వు వచ్చేస్తే నాకు ఎంత హాయో."

"మంగళవారంలోపు ఏదో ఒకటి చేస్తానే."

"నువ్వా? ఒక్కదానివా? ఆఫీసులో ఏం మాట్లాడతావమ్మా? నాన్న లేకుండా నువ్వు మందులషాపుకే వెళ్ళవు."

మందులషాపుకు ఆమె ఒక్కతే వెళుతుంది, నెలకు రెండుసార్లు, ఎర్కి మందుల కోసమే. అది చెప్పాలనిపించలేదు.

ఫోను పెట్టేసి ఇర్యా వంటింటి బల్ల దగ్గర కూలబడింది. భయం వేసింది, వెయ్యకుండా ఎలా ఉంటుంది. గడువు దాటిన ఆడదాన్ని పట్టుకుని గదిలో పెడతారేమో, విమానం ఆలస్యమైతే ఏమిటి, గుండె ఆగిపోతే శవాన్ని ఏ కాగితం మీద పంపుతారు, ఇలా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఫిన్లండువాళ్ళ క్లబ్బులో ఎర్కి ఎప్పుడూ అనేవాడు, మా ఇర్యాకు ఆకు కదిలినా తుఫానే అని. అందరూ నవ్వేవారు, కాఫీ పోస్తూ ఆమె కూడా నవ్వేది. ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తే ఆ నవ్వు మింగుడుపడలేదు. తొంభై రోజులకోసారి వీసా ఆఫీసులో చిరునామా చెప్పిరావాలని గుర్తుంచుకున్నది ఆ భయమే. ప్రతి కాగితం రెండేసి నకళ్ళు తీయించిందీ, ఇంటికి దారి గీసి నంబరు కనపడేలా గుమ్మం ముందు ఫోటో తీయించిందీ ఆ భయమే. సాతు చిన్నప్పుడు జ్వరాలకు మేలుకున్నదీ, అత్తగారి ఇన్సులిన్ అయిపోకముందే తెప్పించిందీ అదే. ఒక ఇంట్లో ఇంతమంది ధైర్యంగా బతకాలంటే ఎవరో ఒకరు కూర్చుని భయపడాలి. వంట, ఉతుకు, తుడుపులతోపాటు అదీ ఆమె వాటాకే వచ్చింది. ఆ పని చేసినందుకు దొరికిన జీతం ఆ నవ్వు.

వెళ్ళిపోవడమంటే ఫిన్లండులో తమ ఊరు కయానీ. నవంబరులో మూడింటికే చీకటి పడే కయానీ. ఎనిమిదో తరగతితో చదువు ఆపి, బడి వంటశాలలో ముప్పైయొక్క ఏళ్ళు బంగాళదుంపలు ఒలిచిన వేళ్ళు అక్కడ చలికి కొయ్యముక్కల్లా బిగుసుకుపోయేవి. ఇక్కడ విచ్చుకున్నాయి. అరవైయొకటో ఏట, పక్కింటి లమై చెయ్యి పట్టుకుంటే, సముద్రంలో ఈత నేర్చుకుంది. తల మునిగినా చావనని తెలిసిన రోజు ఒడ్డున కూర్చుని చాలాసేపు నవ్వుకుంది. అంత పనికిమాలిన సంతోషం ఆమెకు కయానీలో ఎన్నడూ దొరకలేదు.

లేచి ఫైలు తీసింది. కావలసిన కాగితాల జాబితా ఆమెకు కంఠస్థమే అయినా వేలు పెట్టి మళ్ళీ చదివింది. యాభై ఏళ్ళు నిండి ఉండాలి. సొమ్ము దరఖాస్తుదారు పేరున రెండు నెలల ముందునుంచీ బ్యాంకులో ఉండాలి. వేలు అక్కడే ఆగిపోయింది.

యాభై ఏళ్ళు నిండిన మొగుడై ఉండాలని ఎక్కడా లేదు.

సొమ్ము ఉంది. అమ్మ పోయాక తన వాటాకొచ్చిన అడవిచెక్క అమ్మితే వచ్చింది. దాంతో పడవ కొందామన్నాడు ఎర్కి, మా వంటిల్లు మార్చుకుంటామంది సాతు. ఏ కీడు ఎప్పుడు ముంచుకొస్తుందో అని గొణుక్కుంటూ జూన్‌లో ఇక్కడి బ్యాంకులో తన ఒక్కదాని పేర వేసుకుంది. అప్పుడూ అందరూ నవ్వారు. ఇర్యాకు ఒళ్ళంతా జివ్వుమంది. పదకొండేళ్ళుగా ఈ దరఖాస్తు నింపుతూ ఆ గడిలో ఎర్కి పేరే రాస్తూ వచ్చింది, తన పేరూ అక్కడ పడుతుందని ఒక్కసారైనా తోచలేదు. గోడమీద తలుపు బొమ్మ అనుకుని రోజూ దుమ్ము దులిపిన మనిషికి, అది నిజం తలుపని తెలిసినట్టయింది.

శనివారం, ఆదివారం ఎలా గడిచాయో ఆమెకే తెలీదు. కాగితాలు మూడుసార్లు పేర్చింది, నాలుగుసార్లు లెక్కపెట్టింది. సోమవారం బ్యాంకు తలుపు తెరిచేసరికి మెట్లమీద ఉంది. ఉత్తరం, పాసుపుస్తకం తీసుకుని బయటికొస్తే లమై స్కూటరు మీద సిద్ధంగా ఉంది.

"ఏంటక్కా, పెళ్ళికూతురిలా వణుకుతున్నావు?"

"పెళ్ళికి వణకలేదే. అప్పుడు వణికుంటే బాగుండేది."

లమై నవ్విన నవ్వుకు స్కూటరు పక్కకి ఒరిగింది.

ఆఫీసులో ఎప్పుడూ ముందు కుర్చీ ఎర్కిది. వెనక కుర్చీలో ఒళ్ళో సంచీతో ఆమె కూర్చునేది, అతను చెయ్యి చాపితే చూడకుండానే ఏ కాగితం కావాలో ఆ కాగితం పెట్టేది. నంబరు పిలిచినప్పుడు అలవాటుగా వెనక కుర్చీలోనే కూర్చుంది. ఆఫీసరమ్మ, సాతుకన్నా చిన్నది, తలెత్తి చూసింది.

"ఇలా ముందుకు రండి పెద్దమ్మా. సార్ ఏరి?"

"రాలేదు."

"మీది సార్ వీసా మీద ఉంది కదా. ఆయన లేకపోతే కుదరదు."

సంచీతో లేచింది. ముందు కుర్చీలోకి మారింది. "ఈసారి నాది నా మీదే," అంది ఇర్యా. వచ్చీరాని భాషలో రెండు రోజులు వల్లెవేసుకున్న మాట అది. "వయసు అరవైయేడు. సొమ్ము జూన్‌నుంచీ ఉంది."

ఆ అమ్మాయి కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. ఎక్కడ ఆగినా ఇర్యా దాని నకలు అందించింది. "ఇవన్నీ ఎవరు తయారు చేశారు?"

"నేనే."

"సార్‌వి కూడా?"

"పదకొండేళ్ళుగా."

"నేనెప్పుడూ సారే అనుకున్నాను," అని ఆ అమ్మాయి దరఖాస్తు వెనక్కి తిప్పింది. "ఒక గడి మిగిలింది. ఎందుకు ఉండాలనుకుంటున్నారో రాయాలి."

ఏటేటా తన కాగితంలో అక్కడ భర్తతో ఉండటానికి అని రాసేది. ఇప్పుడు కలం కదల్లేదు. ఈతకని రాస్తే నవ్వుతారేమో. వేళ్ళు విచ్చుకున్నాయని రాస్తే పిచ్చిదనుకుంటారేమో.

"రిటైర్మెంట్ అని రాయండి పెద్దమ్మా. మీరు రిటైర్ అయ్యారు కదా."

అయ్యిందా? బడి వంటశాల నుంచి అయింది, పూలగుత్తి ఇచ్చి పంపారు. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి ఎర్కికి చేపల పులుసు పెట్టింది. పులుసు పెట్టడంలోంచి ఆమెకు ఏ పూలగుత్తీ ఎవరూ ఇవ్వలేదు. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. "అవుతున్నాను, ఇవాళే," అని గొణుక్కుంటూ ఒక్కో అక్షరం గట్టిగా ఒత్తి రాసింది.

కెమెరా ముందు తలెత్తి కూర్చుంది. గంటలో పాస్‌పోర్టు చేతికొచ్చింది. వచ్చిందని సాతుకు అక్కడే ఒక ముక్క కొట్టి పంపింది. ఇంకా తడి ఆరని నీలిరంగు ముద్రలో వచ్చే ఏడాది నవంబరు తేదీ. గాలికి అలుక్కుపోతుందేమోనని అరచెయ్యి అడ్డం పెట్టుకుని మెట్లు దిగింది. కింద లమైని చూడగానే తెరిచిన పేజీ ఎత్తి చూపించింది. రోడ్డు మీదే ఇద్దరాడవాళ్ళూ చేతులు పట్టుకుని గెంతారు.

అప్పుడే ఎర్కి ఫోన్. సాతు చెప్పినట్టుంది, గొంతు కాస్త తగ్గింది.

"వచ్చేసిందటగా. చెప్పొద్దూ, నేనూ ఊహించలేదు. ఇక్కడ రెండు వారాలకే నా మోకాళ్ళు కట్టెలైపోయాయి, ఈ చలి నావల్ల కాదు. క్లబ్బులో మావాళ్ళు ఫోన్‌లో చెప్పారు, ఇప్పుడు నీ వీసా మీద నన్ను భర్తగా వేసెయ్యొచ్చట, పెద్ద పనేం కాదట. కాగితాలేం కావాలో నీకు తెలుసుగా, మొదలుపెట్టెయ్."

ఇర్యా వెంటనే సరే అనలేదు. సరే అనకపోవడం నోటికి ఎంత కొత్తగా ఉందో, లోపల ఎంత గంతులేస్తోందో ఆమెకే తెలిసింది.

"ఆలోచించి చెబుతాను ఎర్కీ."

"ఇందులో ఆలోచించేదేముంది? ఎంతసేపు ఆలోచిస్తావ్?"

అరచెయ్యి తీసి ముద్రలోని తేదీ చూసింది.

"నాకు ఏడాది టైముంది," అంది.