అరచేతికి తెలియని ఇంజను

"నా బండిని చంపేశారు! మీరిద్దరే, మొగుడూ పెళ్లాం కూడబలుక్కుని చంపేశారు!"

అత్త కారు దిగి తలుపు ధడేలున వేసింది. రిపేరు షెడ్డు రేకులు అదిరాయి. మేనకోడలు కారుకేసి చూసింది. చచ్చిందంటున్న ఇంజను అత్త వెనకాలే హాయిగా తిరుగుతోంది మరి!

"తిరుగుతోంది కదత్తా!" అంది, పెదాలు బాగా కదిలిస్తూ.

"ఏం తిరుగుతోంది, నీ మొహం! ఎన్నిసార్లు తాళం తిప్పినా ఉలుకూ లేదు, పలుకూ లేదు."

తిప్పిన మాట నిజమే. తిరుగుతున్న ఇంజను మీద మళ్లీ స్టార్టర్ కొడితే పళ్లు కొరికినట్టు కర్రుమంది. వీధి వీధంతా విన్నది. విననిది అత్త ఒక్కతే.

అత్తకి చెవులు పోయి చాలా కాలమైంది. పోయాక కూడా ఈ పాత కారుని ఒక్క గీత పడకుండా తోలింది. సంసారమన్నా, సావాసమన్నా ఆమెకి అదే. దాని ఇంజను చేతులెత్తేస్తే, ఇంకోటి తెచ్చి బిగించే పని మేనకోడలు నెత్తినేసుకుంది. ఇంజను కారు చట్రం మీద నేరుగా కూర్చోదు. మధ్యలో మౌంటింగులుంటాయి, ఇనప రేకుల నడుమ రబ్బరు ముద్దలు. పాతవి రాయిలా బిగుసుకుపోయాయి. అత్త నడుం నొప్పి తలుచుకుని మేనకోడలు మెత్తటివి ఏరి తెచ్చింది. బోల్టులు వదులుగా పెట్టి, ఇంజను నడిపి, అది తన చోటు తాను చూసుకున్నాకే బిగించింది. పసిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టింది.

అత్తని అడిగిందా? అడగలేదు. మంచి చేసేవాళ్ల జబ్బే అది. ఎవరికి చేస్తున్నారో వాళ్లని తప్ప ఊరందర్నీ అడుగుతారు.

"పోనీ, ఇంజను తిరుగుతుంటే వెలిగేలా ముందర ఒక దీపం పెట్టిస్తాలే అత్తా," అన్నాడు మేనకోడలి మొగుడు. కార్లకి రంగులేసేవాడు, అతనికి అన్నీ పైపై మందులే.

"నేను దీపం చూస్తూ కూర్చుంటే, రోడ్డు నువ్వొచ్చి చూస్తావా అల్లుడూ?"

అత్త మేనకోడలి చెయ్యి గుంజి గేరు కడ్డీ మీద పెట్టింది.

"ఏమైనా తెలుస్తోందా?"

ఏమీ తెలియలేదు. కడ్డీ చల్లగా, మొద్దులా ఉంది. ఇంజను అదురునంతా ఆ మెత్తటి రబ్బరే మింగేసింది.

"చెవులు పోయాక ఇక్కడ విన్నానే నేను! గేరెప్పుడు మార్చాలో ఇదే చెప్పేది. ఇది మూగబోతే నేను తోలలేను. తాళం నువ్వే ఉంచుకో."

తాళం పీకింది. ఇంజను ఆగింది. తిరగడమూ ఆగడమూ అత్తకి ఒక్కటే అయిపోయాయి.

తాళం మేనకోడలి చేతిలో పడింది. తనకి గేర్లు నేర్పింది అత్తే, తన చేతి మీద చెయ్యి వేసి. ఆ చేతికి చెవుడు తెచ్చింది తనే.

పాత సామాన్ల డబ్బా బోర్లించి, చీలిక లేని గట్టి మౌంటింగు ఒకటి ఏరింది.

"నీ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరేనా?" అన్నాడు మొగుడు.

"ముందువి రెండూ మెత్తగానే ఉంటాయి, నడుం కోసం. గేర్‌బాక్సు కిందది మారుస్తా, చేతి కోసం. మాటలాపి జాకీ పెట్టవయ్యా."

గేర్‌బాక్సు ఎత్తారు, మెత్తటిది తీశారు, గట్టిది దూర్చారు, బోల్టులు వేళ్లతోనే తిప్పి వదిలారు. మేనకోడలు తాళం తిప్పి, అత్త అరచేతిని కడ్డీ మీద పెట్టింది.

అత్త మొహం ముడుచుకుంది. తర్వాత మెల్లగా విచ్చుకుంది.

"గొణుగుతోందే! అచ్చం మా అమ్మలాగే గొణుగుతోంది!"

మేనకోడలు గ్రీజు చేత్తోనే కళ్లు తుడుచుకుంది. మొహమంతా నల్లనైంది.

"ఏడుపు తర్వాత ఏడువు! ముందు ఆ బోల్టులు బిగించు, ఇప్పుడే. ఇంకెప్పుడైనా నన్ను సుఖపెట్టాలని బుద్ధి పుడితే, ముందు నా ఎదురుగా నిలబడి, నోరు తెరిచి, నన్నడుగు!"