మూడో జమాతుకు బుగ్గమ్మ

వజీర్ బీ ఇబ్రహీంపట్నం ఆడపిల్లల బడిలో ఉస్తానీ. మూడో జమాతు, అంటే మూడో తరగతి, పిల్లలకు ఆమే చదువు చెప్పేది. ఆ జమాతులో అందరికంటే ముందుండేది ఆమె కూతురు బీబీ. ఆ సంగతి వజీర్ బీ తనంతట తాను ఎవరికీ చెప్పుకునేది కాదు. ఎవరైనా అంటే మాత్రం చెవులారా వినేది.

1942 వానాకాలంలో, పెద్ద చెరువులో చేపలు పట్టే ఎంకయ్య కూతురు బుగ్గమ్మ ఒకటో జమాతులో చేరింది. ఏడేళ్ల పిల్ల. తల్లి చేపల బేరంలో లెక్కలు, ఎదురింటి పిల్లల పుస్తకాల్లో చదవడం అప్పటికే పట్టుకుంది. రెండు నెలలు గడిచాక ఒకరోజు బీబీ నోటిలెక్క దగ్గర తడబడింది. నీళ్లు తాగడానికి వచ్చిన బుగ్గమ్మ గడప అవతలి నుంచే జవాబు చెప్పేసింది. పిల్లలు గొల్లున నవ్వారు. బీబీ ముఖం కందిపోయింది. వజీర్ బీ బుగ్గమ్మను కసిరి పంపేసింది.

పక్క గదిలో ఉన్న పెద్ద ఉస్తానీ బేగం బీ కూడా అది విన్నది.

"గీ పిల్ల ఒకటిల ఎందుకు, వజీర్? నువ్వే పరీక్ష పెట్టు. తట్టుకుంటదంటే మూడుకు పంపుదం."

పరీక్ష రోజు బుగ్గమ్మ కుడిచేతి వేలికి గుడ్డపీలిక చుట్టుకుని వచ్చింది. చెయ్యి మణికట్టు దాకా వాచి ఉంది.

"ఏమైంది?"

"జెల్ల చాప ముల్లు దిగింది, ఉస్తానమ్మ."

ఇంకో రోజు పెడదామన్న మాట వజీర్ బీ నోటి దాకా వచ్చి ఆగిపోయింది. "కూసో, రాయి" అన్నది.

బుగ్గమ్మ నాలుగో జమాతు లెక్కలు కూడా నోటితో తప్పులేకుండా చెప్పింది. మూడో జమాతు పుస్తకం ఆగకుండా చదివింది. రాతలో మాత్రం పది మాటలు చెబితే మూడే అర్థమయ్యేలా ఉన్నాయి. ఆ పలక చూడగానే వజీర్ బీకి గుండె తేలికపడింది.

"లెక్కలు మస్తు చెప్పింది, పుస్తకం గుడ చదివింది, ఆపా. చెయ్యే ఇంకా ఒకటో జమాతుది. మూడుల దినాం రాత ఉంటది. ఎనకబడి ఏడుస్తది. ఒకటిలనే ఉండనియ్."

బేగం బీ పలకను తిప్పి తిప్పి చూసింది. "లెక్కలు, చదువు గింత పైన, రాత గింత కిందనా? ఒక్కటి తక్కువైందని మొత్తం పిల్లనే తక్కువనుకోవద్దు. ఎందుకు తక్కువైందో సూడాలె. నీకేమన్న తెలుసా?"

"తెల్వదు" అన్నది వజీర్ బీ.

"సరే. నీ మాట మీదనే ఉంచుదం."

రెండు రోజులకు బుగ్గమ్మ తల్లి సత్తమ్మ చేపల గంప దించి బడి వాకిట్లో నిలబడింది. "ఉస్తానమ్మ, మా పిల్ల పరీక్షల ఓడిందంట. దీనికి సదువెందుకు, చెరువుకు పంపుదమంటున్నడు వాళ్ల బాపు. పరీక్ష దినం ఏలు వాసి జరమొచ్చింది, వద్దంటే ఇనలే. మీరు పిలిచిన్రని ఉర్కొచ్చింది."

వజీర్ బీ లోపలికి నడిచింది. బేగం బీ ఎదుట నిలబడింది.

"ఆపా, పరీక్ష దినం పిల్ల ఏలుకు ముల్లు దిగి చెయ్యి వాసింది, నేను సూసిన. సూసే రాయమన్న."

"ఎందుకు?"

"మా బీబీ ఎనకబడుతదని. కాదు ఆపా... నాకే ఓర్వబుద్ధి కాలే."

బేగం బీ "వాకిట్ల ఉన్న ఆమెకు గా సంగతి నువ్వే చెప్పు. పిల్ల చెయ్యి మానినంక మళ్ల రాయించు" అన్నది.

వజీర్ బీ వెళ్లి చెప్పింది. సత్తమ్మ ఆమెను ఎగాదిగా చూసి, "పసిపిల్లతోనా, ఉస్తానమ్మ?" అని గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. కానీ కూతుర్ని బడి మాన్పించలేదు.

రెండోసారి బుగ్గమ్మ ఎనిమిది మాటలు సరిగా రాసింది. అక్షరాలు వంకరే. మూడో జమాతులో కూర్చోబెట్టి, రాత మటుకు రోజూ ఒక గంట రెండో జమాతు పిల్లలతో నేర్పాలని బేగం బీ తీర్మానించింది.

ఆరు నెలల పరీక్షలో బుగ్గమ్మ మొదటిదిగా, బీబీ రెండోదిగా వచ్చారు. బీబీ రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు బుగ్గమ్మ పక్కనే చాప పరుచుకుని కూర్చుంది. వజీర్ బీకి అంత తొందరగా చేతకాలేదు. బుగ్గమ్మను ఎవరు మెచ్చుకున్నా ఆమె మనసు చివుక్కుమనేది. అయినా బడి వదిలాక ఆ పిల్ల చెయ్యి పట్టుకుని దిద్దించేది. అక్షరాలు గుండ్రంగా కుదిరిన రోజు ఆమెకు నిజంగానే సంతోషమేసింది. ఆ వెంటనే బీబీ పలక తెచ్చి, రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంది.