అందించని మాట

మా ఆయన చెయ్యి చాపకముందే తువ్వాలు అందించి, అత్తగారి మాత్రలు పళ్లెం పక్కన పెట్టి బయల్దేరాను. "ఎవరో చదువుతుంటే కూర్చుని చూడ్డం కూడా ఒక పనేనా?" అన్నారు ఆయన తల తుడుచుకుంటూ. పనే. ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే ఆడవాళ్లకు చదవడం నేర్పే ఉద్యోగం నాకు దక్కాలంటే, ముందు ఆ క్లాసును వెనక కుర్చీలో కూర్చుని చూడాలి. ఊరికే చూడాలి. నాకు చేతకానిది అదే.

పోయిన వారం బట్టలు కుట్టే ఆవిడ చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయింది. నా ప్రాణం ఊరుకోలేదు. ఆ మాట అందించేశాను. "అబ్బ, బతికించావమ్మా!" అని ఆవిడ నవ్వి పుస్తకం మూసేసింది. ఆ పూట మళ్లీ తెరవలేదు. తర్వాత టీచరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "నోటిదాకా వచ్చిన మాట లాగేసుకున్నావు కదే తల్లీ! ఇంకోసారి నోరు తెరిచావంటే ఈ ఉద్యోగం నీది కాదు."

ఇవాళ మళ్లీ ఆవిడే లేచింది. సూది గుచ్చుకుని గరుకెక్కిన వేలు, కుట్టు వేస్తున్నట్టే అక్షరాల కింద నడిచింది. ఆగింది. వెంటనే అందరూ కిటికీ వైపు తిరిగారు. ఆ క్లాసు పద్ధతి అది. చదివే మనిషి ఆగితే ఎవరూ ఆమె మొహంలోకి చూడరు. ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. తెర గాలి నింపుకుని ఉబ్బుతోంది, వాలుతోంది. గదంతా నీళ్లలో మునిగినట్టుంది. నేనూ అందులో మునిగాను. అడుగున నా గొంతే వినిపించింది. డాక్టరు దగ్గర "నాకు కడుపులో..." అంటున్నాను. "మంటండీ" అంటున్నారు పక్కనున్న మా ఆయన. మంట కాదు, పోటు. అయినా మంటకే మందు తెచ్చుకున్నాం, నేను మింగాను కూడా. చుట్టాలొస్తే "మా ఆవిడ అనేదేంటంటే" అంటారు ఆయన. నేనేమంటానో నాకూ అప్పుడే తెలిసేది! "వదిన మాట అన్నయ్య నోట్లో పుడుతుంది" అని ఆడబిడ్డ నవ్వితే నేనూ నవ్వాను, సిగ్గులేకుండా. ఇన్నేళ్లలో నా వాక్యం చివర ఏముందో ఒక్కసారైనా చూసుకున్నానా?

ఆ మాట నా నాలుక మీదే ఉంది. పళ్లు బిగించాను.

ఎంతసేపు గడిచిందో తెలియదు. నీళ్లలోంచి బుడగ లేచినట్టు ఆవిడ నోట్లోంచి ఆ మాట వచ్చింది. తన గొంతు తనే విని ఉలిక్కిపడింది. ఆగలేదు, పేజీ చివరిదాకా చదివేసింది. టీచరమ్మ నా వైపు తిరిగి, "వచ్చే నెల నుంచి వచ్చెయ్" అంది.

రాత్రి భోజనాల దగ్గర మొదలుపెట్టాను. "అత్తయ్యా, వచ్చే నెల నుంచి నేను..."

"ఇంట్లోనే ఉంటుందిలే. సరదా తీరింది," అన్నారు ఆయన.

గరిటె కింద పెట్టాను. కిటికీ వైపు చూశాను. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. "అత్తయ్యా, వచ్చే నెల నుంచి నేను..."

"అదేగా నేను చెప్తున్నదీ..."

"నువ్వాగరా!" అంది అత్తగారు, ముద్ద చేతిలోనే పట్టుకుని. "దాన్ని చెప్పనీ."

ఎవరూ మాట అందించలేదు. నాకేం తొందర లేదు.

"ఉద్యోగానికి వెళ్తున్నాను," అన్నాను. "తువ్వాలు తలుపు వెనక మేకుకు ఉంటుంది."