రెండు బల్లల కారవాను

నరసాయమ్మ బహ్రెయిన్ వచ్చి నాలుగేళ్లయింది, ఆమె మొగుడు అచ్చిబాబు వచ్చి మూడేళ్లయింది. ఆ మూడేళ్లలో ఇద్దరూ ఒకే దీవిలో ఉన్నారు గాని, ఒకే కప్పు కింద ఒక్క రోజు కూడా లేరు. ఆమె హమద్ టౌన్‌లో ఒక పెద్ద కుటుంబం ఇంట్లో వంటమనిషి. అతను మనామాలో ఒక వడ్రంగి షాపుకి పికప్ నడుపుతూ, మరో ఏడుగురితో కలిసి ఒక గదిలో ఉండేవాడు. శుక్రవారం మధ్యాహ్నం మనామా బజారులో కృష్ణుడి గుడి దగ్గర కలుసుకునేవారు. చెరో రెండు సమోసాలు తిని, రాజోలు నుంచి వచ్చిన ఉత్తరాలు చదువుకుని, ఎవరి దారిన వాళ్లు పోయేవారు. అతను తల దువ్వుకుని బయల్దేరినప్పుడల్లా గదిలోవాళ్లు, "శుక్రవారం పెళ్లికొడుకు ఎల్తన్నాడ్రోయ్" అని కేకలేసేవారు.

తొంభై ఐదులో నరసాయమ్మ ఇంటి డ్రైవరు పని మానేసి కేరళ వెళ్లిపోయాడు. ఆ ఇంటి యజమానిని పనివాళ్లంతా బాబా అంటారు. అరవై దాటిన మనిషి, కుర్రతనంలో బొంబాయిలో ముత్యాల వ్యాపారం చేసి హిందీ బాగా నేర్చినవాడు. "నీ ఆద్మీ డ్రైవరే కదా, మన దగ్గరికే తెచ్చేద్దాం" అని నరసాయమ్మతో అన్నాడు. ఆమె చేతిలో గిన్నె జారి సింకులో పడింది.

చిక్కు ఒకటే. ఇంట్లో పెళ్లికాని ఆడపిల్లలున్నారు, మగమనిషి లోపల పడుకోవడానికి వీల్లేదు. గేటు పక్కనున్న డ్రైవరు గదిలో ఒక మంచం వేస్తే తలుపు తెరుచుకోదు. దానికీ బాబా ఒక ఉపాయం ఆలోచించాడు. ఏటా చలికాలంలో ఆ కుటుంబం సఖీర్ వైపు ఎడారిలో గుడారాలు వేసుకుని గడుపుతుంది. అక్కడికి తీసుకెళ్లడానికి చక్రాల మీద నడిచే చిన్న గది, కారవాను, ఒకటి కొందామని ఆయనకు ఎప్పట్నించో ఉంది.

"చలికాలం ఎడారిలో, మిగతా నెలలు మన వంటగది వెనకాల. ఎక్కడున్నా అందులో ఉండేది మీరిద్దరే. మీరే చూసి ఎంచండి. కానీ నా పాత పికప్ లాగగలిగేంత తేలిగ్గా ఉండాలి, పక్క గేటులో పట్టాలి" అన్నాడు.

ఆ తర్వాతి శుక్రవారం వాళ్లు గుడికి వెళ్లలేదు. బాబా వాళ్లిద్దర్నీ పికప్‌లో ఎక్కించుకుని సల్మాబాద్‌లో పాత బండ్లు అమ్మే చోటికి తీసుకెళ్లాడు.

అక్కడ అచ్చిబాబు కళ్లు నేరుగా అన్నిటికన్నా పెద్దదాని మీద పడ్డాయి. గులాబీరంగు కర్టెన్లు, నిలువుటద్దం, నేలంతా తివాచీ, మూల స్నానాలగది. లోపల అటూ ఇటూ నడిచి వచ్చి, "నరసా, ఇది మీ అన్నయ్య కట్టిన డాబా కన్నా బాగుందే" అన్నాడు.

"బాగానే ఉంది మావా. మరి దీన్ని లాగేదెవరు, నువ్వా?"

"పికప్ లాగుద్ది. దాని ఇంజను సంగతి నీకేం తెలుసు?"

బాబా మధ్యలో కలగజేసుకుని "యల్లా, కానియ్, కట్టి చూడు" అన్నాడు. నలుగురు కలిసి కారవాను ముక్కుని పికప్ వెనక కొక్కేనికి తగిలించారు. వెనక చక్రాలు కుంగాయి, ముందు చక్రాలు తేలాయి. అచ్చిబాబు గేరు వేసి తొక్కాడు. బండి పొగ కక్కింది, మూలిగింది, నాలుగడుగులు వెళ్లి మొరాయించింది.

"మావా, బండి దాన్ని లాగట్లేదు. అదే బండిని కూకోబెట్టేసింది" అంది నరసాయమ్మ.

"ఖలాస్" అన్నాడు బాబా.

రెండోది రేకుది. ఇద్దరు మనుషులు చేత్తో తోసుకుపోయేంత తేలిక. నరసాయమ్మ పొట్టిది కాబట్టి లోపలికి హాయిగా నడిచి వెళ్లింది. అచ్చిబాబు ఆరడుగుల మనిషి, మెడ వంచి, నడుం వంచి, చివరికి మోకాళ్లు కూడా వంచి నిలబడ్డాడు.

"నాకు సరిగ్గా సరిపోయింది" అందామె.

"మరి నేనో?"

"నువ్వు కూకో. నుంచుని సేసే పనేముంది నీకు? వంటా నాదే, గిన్నెలూ నాయే."

అతను ఏదో గట్టిగా చెప్పబోయి ఒక అడుగు ముందుకేశాడు. తడికి పుచ్చిపోయిన నేల చెక్క ఫటుక్కుమంది. అతని కుడికాలు మోకాటి దాకా కిందికి దిగబడిపోయింది. నరసాయమ్మ భయపడి దగ్గరికి వెళ్లింది. దెబ్బ తగల్లేదని తెలిశాక ఆమెకి నోరు ఆగలేదు.

"ఇంకేం మావా, ఇప్పుడు తల పైన తగలట్లేదు. రెండోకాలు కూడా దింపేత్తే సరి."

అచ్చిబాబు కాలు పైకి లాక్కుని, ప్యాంటు దులుపుకుని, ఇంటికి వచ్చేదాకా ఆమెతో మాట్లాడలేదు. దారిలో బాబా, "ఏమంటోంది నీ బీబీ, తెగ నవ్వుతోంది?" అని హిందీలో అడిగితే, "బహుత్ అచ్ఛా బోల్తా" అన్నాడు మొహం చిట్లించుకుని.

మూడో కారవాను సంగతి బాబా స్నేహితుడు చెప్పాడు. బుదయ్య రోడ్డులో ఉండే ఒక ఇంగ్లీషు దొర ఉద్యోగం ముగించుకుని భార్యతో సొంతూరు వెళ్లిపోతున్నాడట. వాళ్లు ఇన్నేళ్లూ సముద్రం ఒడ్డుకి వేసుకెళ్లిన చిన్న కారవాను అమ్ముతారట. ఆ పై శుక్రవారం ముగ్గురూ అక్కడికి వెళ్లారు.

తెల్లగా, గుండ్రంగా, గుడ్డుపెంకులా ఉందది. తుప్పు పట్టే రేకు కాదు, ఫైబరుది. డబ్బా మూతలాగా కారవాను కప్పుని చేత్తో పైకెత్తితే అచ్చిబాబు కూడా నిటారుగా నిలబడొచ్చు. దొర, బాబా, అచ్చిబాబు చక్రాల దగ్గర గొంతుక్కూర్చుని టైర్లూ ఇరుసూ చూస్తుంటే, దొరసాని నరసాయమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. ఆవిడకి డెబ్భై దగ్గరుంటాయి. ఆవిడ ఇంగ్లీషు ఈమెకి రాదు, ఈమె తెలుగు ఆవిడకి రాదు. చేతులే మాట్లాడాయి.

ఇదిగో పొయ్యి. ఇదిగో గిన్నెలు కడిగే చోటు. ఇదిగో బట్టల అర. చివర్న గోడకో బల్ల చొప్పున ఎదురెదురుగా రెండు మెత్తటి బల్లలు, మధ్యలో భోజనాల మేజా. దొరసాని మేజా కింద చెయ్యి పెట్టి ఏదో తిప్పింది. మేజా చప్పుడు లేకుండా కిందికి దిగి రెండు బల్లల మధ్యా సరిగ్గా సరిపోయింది. బల్లల వీపుకున్న పరుపులు తీసి దాని మీద పరిచింది. ఇప్పుడక్కడ రెండు బల్లలు లేవు, ఇద్దరు పడుకునే మంచం ఉంది. దొరసాని రెండు చేతులూ చెంప కింద పెట్టి కళ్లు మూసి నిద్ర నటించి, ఒక కన్ను తెరిచి చూసింది. నరసాయమ్మ చెవులు ఎర్రబడ్డాయి. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకుని, మగవాళ్లు వచ్చేలోపు మేజాని మళ్లీ పైకెత్తేశారు.

అచ్చిబాబు లోపలికి వచ్చి నిలబడి చూశాడు. కప్పు చూసి సంతోషించాడు. పొయ్యి చూసి తలాడించాడు. ఆ తర్వాత బల్లల దగ్గరికొచ్చి ఆగాడు.

"ఇయేంటే?" అన్నాడు మెల్లగా.

"బల్లలు."

"అది కనపడతానే ఉంది. రెండెందుకున్నాయి?"

"ఇద్దరం కదా మావా. నీకొకటీ, నాకొకటీ."

అతను బయట ఉన్న బాబా వైపు చూశాడు. తెలుగు రాని ముసలాయన ముందు కూడా ఆ మాట పైకి అడగలేకపోయాడు. జేబులోంచి తాళంచెవి కావాలనే కింద పడేసి, తీసుకునే నెపంతో వంగి, రెండు బల్లల మధ్య ఎన్ని జానలుందో కొలిచాడు. నరసాయమ్మ చూసీ చూడనట్టు కర్టెను సర్దింది.

"నాకిదే నచ్చింది" అని బాబాతో చెప్పేసింది. పికప్ దాన్ని ఆడుతూ పాడుతూ లాక్కొచ్చింది. పక్క గేటులో పట్టింది, వంటగది వెనకాల నిలబడింది. బాబా దానికి పాత ఏసీ ఒకటి బిగించాడు.

కాగితాలు పూర్తయ్యేసరికి ఇంకో పది రోజులు పట్టింది. ఆ పది రోజుల్లో అచ్చిబాబు రెండుసార్లు ఫోన్ చేశాడు.

"నరసా, ఆ రేకుదానికి నేల మార్పించుకుంటే సరిపోయేది కదా అనిపిత్తంది."

"నేల మారిత్తే నీ తల ఏం సేత్తావు?"

"వంచుకుంటాను."

"వద్దులే. నడుం నొప్పంటావు. నీ బల్ల మీద నువ్వు కాళ్లు సాపుకుని పడుకో, సుఖంగా."

అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది. నరసాయమ్మ ఫోన్ పెట్టేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చెప్పెయ్యాలనిపించేది గాని, ఇన్నేళ్లలో అతన్ని ఉడికించడానికి ఇంత తీరిక ఎప్పుడు దొరికింది?

చివరికి గురువారం సాయంత్రం అచ్చిబాబు సామానుతో దిగాడు. వడ్రంగి షాపులో పనిచేసే వెంకటి షాపు పికప్‌లో దించడానికి వచ్చాడు. ఇతనిది జగిత్యాల దగ్గర పల్లె, మాటకి ముందు నవ్వొస్తుంది. ఒక పెట్టె, ఒక సంచి దింపాక, వెనకనుంచి నున్నగా చిత్రికపట్టిన పొడుగాటి చెక్క ఒకటి దింపి గోడకి ఆనించాడు.

"అక్కా, ఇగో నీ ఇస్త్రీ బల్ల" అన్నాడు.

"నేనెప్పుడడిగాను?"

"గట్లనే చెప్పిండు అన్న. అక్క అడిగిందన్నడు. గింత ఎడల్పు ఎందుకే అంటె చెప్పడు. దాని మీద ఏనుగుకు కట్టే చీర ఇస్త్రీ చెయ్యొచ్చు."

నరసాయమ్మ మొగుడి వైపు చూసింది. అతను అప్పుడే సంచి ముడి విప్పడంలో మహా మునిగిపోయాడు. ఆమెకి అంతా అర్థమైంది. వెంకటికి టీ ఇచ్చి, వాళ్లవ్వ బాగోగులు అడిగి సాగనంపింది. తర్వాత అచ్చిబాబుని కారవానులోకి పిలిచి తలుపు వేసింది.

"ఏం మావా, ఏనుగుని ఎక్కడ కట్టేసొచ్చావు?"

"ఎటకారం సెయ్యకే. ఆ రెండిటి మీదా అడ్డంగా ఏసి, పైన పరుపేత్తే సరిపోద్దని కోయించాను. మధ్యలో మూడు జానలు కొలిచాను."

ఆమె వంగి మేజా కింద మర తిప్పింది. మేజా దిగింది. పరుపులు పరిచింది. అచ్చిబాబు కాసేపు ఆ మంచాన్ని చూశాడు, కాసేపు ఆమెని చూశాడు.

"ఇది నీకెప్పుడు తెలిసింది?"

"కొన్నరోజే. దొరసాని సూపించింది."

"మరి ఈ పది రోజులూ...?"

"నువ్వడిగావా? నువ్వు టైర్లలో గాలెంతుందో అడిగావు."

కోప్పడదామనుకున్నాడు గాని, కోపం రాలేదు. మంచం అంచున కూర్చుని రెండు అరచేతులతో పరుపు తడిమాడు. "ఆ గదిలో నా మంచం పై అంతస్తుది నరసా. మూడేళ్లు నిచ్చెనెక్కి పడుకున్నాను. ఎవరితోటీ సెప్పలేదు" అన్నాడు. నరసాయమ్మ పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే, ఆమె గుమ్మంలోంచి "మావా, కాఫీ!" అని కేకేసింది. వంటగదిలోంచి బాబా భార్య "నామ్?" అని అరబ్బీలో పలుకుతూ బయటికి వచ్చేసింది. ఆ ఇంట్లో పనివాళ్లు ఆవిడని మామా అని పిలుస్తారు మరి. మంచం మీదనుంచి అచ్చిబాబూ పలికాడు. ఎవరిని పిలిచిందో చెప్పడానికి నరసాయమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది. పెద్దావిడ పడీ పడీ నవ్వి, వెనక్కి తిరుగుతూ గోడకున్న చెక్కని చూసి, తట్టి చూసి, సంతోషపడిపోయి ఇంట్లోకి పట్టించుకుపోయింది. బాబా పొడుగు తెల్ల చొక్కాలకి అంత సరైన ఇస్త్రీ బల్ల ఆవిడ ఇన్నేళ్లలో చూడలేదట. ఆ రోజు నుంచి వారానికి ఇరవై చొక్కాలు నరసాయమ్మ దాని మీదే ఇస్త్రీ చెయ్యాల్సి వచ్చింది. ఇప్పుడు నవ్వే వంతు అచ్చిబాబుది.

నెల తిరక్కుండా వాళ్లు పోట్లాడుకున్నారు. బియ్యం డబ్బా మంచం కింది అరలో పెట్టింది ఆమె. మధ్యాహ్నం డ్యూటీ దిగి నడుం వాల్చిన మనిషిని లేపితే తప్ప బియ్యం రావు. రెండుసార్లు లేచాడు, మూడోసారి విసుక్కున్నాడు. ఆమె అతని బట్టల సంగతి ఎత్తింది. ఎనిమిది మంది గదిలో అలవాటుగా కనపడ్డ మేకుకల్లా చొక్కా తగిలిస్తున్నాడనీ, పొయ్యి పైన బనీను ఏంటనీ అంది. అతను ఆమె తమ్ముడు ఎప్పుడో అన్న మాట ఒకటి తవ్వాడు. ఆమె అతని అమ్మని లాక్కొచ్చింది. ఎనిమిదడుగుల గదిలో ఎటు తిరిగినా ఎదురెదురుగానే ఉన్నారు. చివరికి అతను విసురుగా బయటికి వెళ్లాడు. అతను దిగిన విసురుకి కారవాను ఒక పక్కకి ఒరిగి మళ్లీ సర్దుకుంది.

నరసాయమ్మ కోపంగానే బియ్యం కడిగింది. కడుగుతుండగా ఒక విషయం తట్టింది. ఈ మూడేళ్లలో వాళ్లు ఒక్కసారి కూడా పోట్లాడుకోలేదు. వారానికి దొరికే ఆ కాసేపట్లో కోపం వస్తే మింగేసేవాళ్లు. మళ్లీ వారం దాకా మొహం కనపడదు కదా అని అతనూ మింగేవాడు, ఆమె కూడా మింగేది. ఇవాళ మాత్రం ఇద్దరూ కడుపులో ఉన్నదంతా కక్కేశారు, అయినా ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు.

అన్నం ఉడికింది. చింతకాయ పచ్చడి, ఎండు రొయ్యల వేపుడు వేసి, కంచం గుమ్మంలోంచి బయటికి చాపింది. మెట్టు మీద కూర్చున్న మనిషి వెనక్కి తిరక్కుండానే అందుకున్నాడు.

నాలుగు ముద్దలయ్యాక, "ఉప్పు తక్కువైంది" అన్నాడు.

"తెలుసు. కోపంలో మర్చిపోయాను."

"తగ్గిందా?"

"ఇంకా కొంచెం ఉంది. లోపలికొచ్చి కూకో, పూర్తి సేసేత్తాను."

అచ్చిబాబు కంచం పట్టుకుని మెట్టెక్కాడు. కారవాను అతని బరువుకి కొద్దిగా కుంగింది. నరసాయమ్మ ఉప్పు సీసా తీసి మేజా మీద పెట్టి, కొంచెం పక్కకి జరిగింది.