ఉస్తో ఇవ్వని దీవెన

షోద్‌మాన్ కట్టిన గోడ మూలను కాంట్రాక్టర్ హల్మత్ బూటుకాలితో ఒక్క తన్ను తన్నాడు. సిమెంటు మాలు ఇంకా పచ్చిగానే ఉంది, ఇటుకలు జారి కింద పడ్డాయి. నిలువు సరిగ్గా ఉందో లేదో గుండు దారం వేసి చూశాడా? లేదు. కనీసం వంగి చూశాడా? అదీ లేదు.

"నీకింకా చెయ్యి తిరగలేదురా. దీవెన సంగతి వచ్చే ఏడు చూద్దాం" అనేసి వెళ్లిపోయాడు.

పక్కనే మాలు తట్టతో నిలబడ్డ మవ్‌జూనాకు ఒళ్లు మండిపోయింది. పోయిన ఏడు ఆమె కట్టిన మూలనూ ఇలాగే కూల్చాడు. ఖుజంద్ పట్టణంలో పని నేర్చుకునేవాళ్లకు సగం జీతమే. పని నేర్పే పెద్ద మేస్త్రీని ఉస్తో అంటారు. ఆ ఉస్తో అందరి ముందూ అరచేతులు పైకెత్తి దీవిస్తేనే శిష్యుడు మేస్త్రీ అవుతాడు. దీవెన లేకుండా బయటికి పోతే కోళ్లగూడు కట్టమని కూడా ఎవరూ పిలవరు. వీళ్లకు ఉస్తో హల్మతే. అందుకే సగం జీతానికి మేస్త్రీల పనంతా చేయించుకుంటాడు, దీవెన మాత్రం ఇవ్వడు. దొంగ సచ్చినోడు! మవ్‌జూనాకు కావలసింది ఒక్కటే, మేస్త్రీ అనిపించుకోవడం. దానికోసం ఇంకెన్నేళ్లు తట్టలు మోయాలి?

మధ్యాహ్నం టీ, రొట్టె ముందు పెట్టుకుని శిష్యులంతా తలో మాటా అన్నారు.

"పోయి కాళ్లు పట్టుకుందాం అక్కా" అన్నాడు షోద్‌మాన్.

"పట్టుకో. ఆ కాలితోనే తంతాడు" అంది మవ్‌జూనా.

"ఉస్తో దీవించకుండా మేస్త్రీలమంటే పాపం కదే?" అంది ఒకామె.

మవ్‌జూనా గయ్యిమంది. "నీకు ఇటుక పెట్టడం ఎవరు నేర్పారే, ఆ హల్మతా? వాడు ఏనాడైనా తాపీ ముట్టుకున్నాడా? నీకు షోద్‌మాన్ నేర్పాడు. వాడికి నేను నేర్పాను. నాకు మా ముందరివాళ్లు నేర్పారు. మరి ఉస్తో ఎవరే?"

టీ చల్లారిపోయేదాకా అందరూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు.

శుక్రవారం పై అంతస్తు మొదలుపెడుతూ హల్మత్ పలావు పెట్టించాడు. తిన్నాక ప్రార్థనకు అరచేతులు ఎత్తాడు. శిష్యుల్లో ఒక్కరూ ఎత్తలేదు. ఆ ఊళ్లో అది ముఖాన ఉమ్మినంత పని. హల్మత్ ముఖం కందగడ్డయింది, శిష్యులు పని ఆపేశారంటూ పోలీసుకు ఫోను కొట్టాడు.

మవ్‌జూనా లేచి కూలిన మూల దగ్గరికి నడిచింది. గుండు దారం వేలాడదీసింది, మాలు పరిచింది, ఇటుక పెట్టింది. వరస మీద వరస లేచింది. మూల నిక్కచ్చిగా నిలిచింది.

షోద్‌మాన్ ముందుకొచ్చి అరచేతులు పైకెత్తాడు. "నీ చేతి పని నిలబడాలక్కా! ఈ రోజు నుంచి నువ్వు మేస్త్రీవి."

అందరి చేతులూ లేచాయి. "ఆమీన్!"

అప్పుడే వచ్చిన పోలీసు కూడా ప్రార్థన అలవాటుకొద్దీ చేతులెత్తి ముఖం తడుముకున్నాడు. తర్వాత తను వచ్చిన పని గుర్తొచ్చి మవ్‌జూనా రెక్క పట్టుకున్నాడు.

"పని ఆపించింది నువ్వేనా? ఎక్కు జీపు!"

"ఆపించలేదయ్యా, మొదలుపెట్టించాను" అంది మవ్‌జూనా.

జీపు కదులుతుంటే వెనక మళ్లీ "ఆమీన్" అని గట్టిగా వినిపించింది. ఆమె మెడ తిప్పి చూసింది. తాపీ ఇప్పుడు షోద్‌మాన్ చేతిలో ఉంది. అతని వెనక మిగతావాళ్లు తమ వంతు కోసం వరసకట్టి నిలబడ్డారు.

స్టేషన్లో పోలీసు కాగితం తీశాడు. "పేరు?"

"మవ్‌జూనా."

"ఏం పని చేస్తావు, కూలీవా?"

"మేస్త్రీని. రాసుకో."