డెబ్బై ఐదు హార్స్‌పవర్ పడవ

పడవ వెనుక కొట్టిన అల్యూమినియం రేకు కింద ఉలి పెట్టి నర్సింగ్ సుత్తితో బాదుతున్నాడు. దెబ్బకో తిట్టు. రేకు మీద ఆ పడవ మోయగలిగిన హద్దు, నలుగురు మనుషులని, డెబ్బై ఐదు హార్స్‌పవరని ఉంది. పక్కన స్టాండు మీద నూట యాభై హార్స్‌పవర్ మోటారు సిద్ధంగా ఉంది. ఈ పాత పడవ కొన్న ఆసామికి పరుగు కావాలట, రేకు కనబడకూడదట. వాడి సరదా తగలెయ్య!

ఎడారి దేశంలో, ఖురియాత్ సముద్రపు ఒడ్డున పడవలు బాగుచేసే ఈ షెడ్డులోనే నర్సింగ్ బతుకు సగం తెల్లారింది. మోటు మనిషి, నోటికంటే చెయ్యి ముందు లేస్తుంది. రూమ్‌లో తన చెప్పులు తన్నాడని ఒకడి పన్ను రాలగొట్టాడు. అలాంటప్పుడల్లా షెడ్డు యజమాని అర్బాబ్ కాళ్లూ వేళ్లూ పట్టుకుని అతని కొలువు నిలబెట్టింది అక్క మొగుడు గంగన్న. జగిత్యాల నుంచి వెంటబెట్టుకొచ్చిందీ ఆయనే.

మధ్యాహ్నానికి మోటారు బిగించారు. ఆ బరువుకు పడవ వెనక్కి కుంగి మూతి పైకెత్తింది. అటువంటి పడవకు ట్రయల్‌లో ముందు ఒక మనిషిని బరువుగా కూర్చోబెట్టడం ఇక్కడి వాడుక. ఇసుక బస్తా చాలదా అంటే, మనిషైతే చెప్పినచోటికి జరుగుతాడని ఫోర్‌మన్ ఇస్రార్ అంటాడు. నిరుడు అలా కూర్చున్నవాడు, పడవ తిరగబడి, కాలు పోగొట్టుకున్నాడు.

ఈసారి ఇస్రార్ గంగన్నను పిలిచాడు. నర్సింగ్ ఇస్రార్ కాలరు పట్టుకుని గోడకేసి కొట్టాడు. పెదవి చిట్లింది. ఇస్రార్ నెత్తురు ఉమ్మి, ఎవడూ ఎక్కకపోతే ఇద్దర్నీ రేపే ఇండియాకు పంపిస్తానన్నాడు.

గంగన్న నీళ్లలోకి దిగాడు.

"బావా, ఎక్కకు. మా అక్కకు నేనేం జెప్పాలె?"

"అయిదు నిమిషాల డ్యూటీరా. ఊకో."

గంగన్న పడవ అంచు మీద చెయ్యి వేశాడు. నర్సింగ్ వెనకే వచ్చి దవడ మీద ఒక్కటిచ్చాడు. బావ మీద చెయ్యెత్తడం అదే మొదలు. లేవబోతే ఇంకోటి వేశాడు. చంకల కింద పట్టి ఒడ్డుకు ఈడ్చి పడేసి, తనే ఎక్కి ముందు కూర్చున్నాడు.

ఇస్రార్ వెనక మోటారు దగ్గరికెక్కి వేగం ఒక్కసారిగా పెంచాడు. పడవ నిలువునా లేచి వెనక్కి తిరగబడింది. ఇస్రార్ దూరంగా పడి ఈదుకొచ్చాడు. జాలరులు పడవను మళ్లీ తిప్పేసరికి కింద ఇరుక్కున్న నర్సింగ్‌కు ఊపిరి లేదు.

గంగన్న అతని తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు.

"లేరా, ఇంకోటి కొట్టు."

బావను కొట్టేముందు నర్సింగ్ విప్పి పడేసిన చేతి తొడుగులు, పడవలకు పూసే రెజిన్ జిగురు ఎండి రాయిలా గట్టిపడినవి, తడి ఇసుక మీద పక్కపక్కనే ఉన్నాయి.