బకెట్టు కొలిమి

ఆ వీధిలో పొద్దున్నే తలుపు తీసిన వాళ్లు ముందు కిందికి చూసి, తర్వాత అడుగేసేవాళ్లు. మొండిబారిన కత్తులూ కత్తెరలూ తమంతట తామే పదునుకు బయలుదేరే వేళ అది. ఇనుముకు ఎవరి చేయి నచ్చితే వాళ్ల గుమ్మం ఎక్కుతుంది. బతిమాలితే రాదు. దర్జీ కత్తెర తాపీగా మెట్లు దిగేది, కూరల కొట్టు కత్తి మలుపులో కాస్త ఆగి మళ్లీ సాగేది. అన్నీ చేరేది వీధి చివరనున్న కమ్మరి దగ్గరికే.

కమ్మరి చెల్లెలు అదే వీధి మధ్యలో ఉంటూ హోటల్లో అంట్లు తోమేది. పెళ్లికి ముందు పన్నెండేళ్లు తండ్రి కొలిమిలో తిత్తి ఊదింది. మంట రంగు చూసి ఇనుము ఎంత కాగిందో చెప్పేస్తుంది. అయితే ఆ ఇంట్లో ఒక రూలుండేది, తిత్తి పట్టిన చేయి సుత్తి పట్టకూడదని. తండ్రి పోయాక కొలిమి అన్నకు దక్కింది, ఆవిడకు 'ఓర్పుగల మనిషి' అన్న పేరు మిగిలింది. ఆ పేరు వింటేనే ఆవిడకు ఒళ్లు మండేది.

నలభై ఆరో ఏట ఆ ఓర్పు కాస్తా అయిపోయింది. ఒక తుప్పు బకెట్టుకు లోపల బంకమట్టీ ఇసుకా కలిపి మందంగా మెత్తింది. అడుగున కన్నం పెట్టి గొట్టం దూర్చి, దానికి కూతురి జుట్టు ఆరబెట్టే మిషను తగిలించింది.

"అమ్మా, మరి నా జుట్టో?"

"ఎండ లేదూ?"

ఇనుము పెట్టి కొట్టేందుకు రైలు పట్టా ముక్కను మొద్దుకు బిగించింది. మంచి ఉక్కు తన గుమ్మం ఎక్కదు కనక, ఎక్కడికీ పోవాలని లేక పాత ఇనుము కొట్టులో పడున్న లారీ కమాను బద్దను చంకనేసుకొచ్చింది.

మొదటి కత్తిని ఎర్రగా కాచి నీళ్లలో ముంచితే టింగుమని పగిలింది. రెండోదీ అంతే. ఆ చప్పుడు విని అన్న వచ్చాడు.

"ఆరంభశూరత్వమే తల్లీ ఇది. మూడునాళ్ల ముచ్చట."

"నాలుగో నాడు కూడా రా అన్నయ్యా, చూసిపోదువుగాని."

మర్నాడు హోటల్లో వేపుడు మూకుడు తోముతుంటే ముక్కుకు ఏదో తగిలింది. నాన్న కత్తి ముంచినప్పుడల్లా కొలిమిలో లేచిన వాసన ఇదే. తిత్తి దగ్గర కూర్చుంటే నాన్న వీపే కనపడేది. తొట్టిలో ఉన్నది ఇన్నాళ్లూ నీళ్లనుకుంది, కాదు, నూనె! పన్నెండేళ్లూ తొట్టిలోకి తొంగిచూడనివ్వలేదని ఆవిడకు ఏడుపొచ్చింది. మరుక్షణం నవ్వొచ్చింది.

మూడో కత్తిని, కాగిన ఉక్కుకు అయస్కాంతం అంటుకోవడం మానేదాకా ఆగి, హోటల్‌వాళ్లు పారబోసే నూనెలో ముంచింది. బుస్సుమంది, పగల్లేదు. ఆకురాయితో గీస్తే గీత పడక జారిపోయింది, ఉక్కు గట్టిపడిందన్నమాట. తర్వాత పెళుసు పోయేందుకు తేనెరంగు తిరిగేదాకా సన్నని సెగ మీద కాచింది.

మరుసటి పొద్దున దర్జీ కత్తెర ఆవిడ గుమ్మం ముందు ఆగింది. లోపలికైతే రాలేదు. ఆగడం మాత్రం వీధంతా చూసింది.

అన్నకు గుండెల్లో రాయి పడింది. ఫ్యాక్టరీ కత్తులకు పిడులు బిగించి, మిషను మీద పదును పెట్టి నెట్టుకొస్తున్నాడు మరి. ఆయన కొలిమిలో సుత్తి మోగి ఏడాదైంది. ఆ సాయంత్రమే వచ్చి పడ్డాడు.

"నాన్న పరువు తీస్తున్నావ్. రేప్పొద్దున ఈ బకెట్టు కనపడితే తన్నేస్తా."

"కనపడుతుంది. చెప్పులేసుకుని రా అన్నయ్యా, కాలుతుంది."

అన్నట్టే పొద్దున్నే వచ్చాడు. ఆయన వెనకే తండ్రి దాగలి, మూడు తరాల సుత్తి దెబ్బలు కాచిన ఇనప దిమ్మ, తన మొద్దుతో సహా కుంటుకుంటూ వస్తోంది. జనం స్కూటర్లు పక్కకు తీసి దారిచ్చారు.

"చూశావా? నాకు తోడొచ్చింది!" అన్నాడాయన.

దాగలి ఆయన్ను దాటి గుమ్మం ఎక్కింది. రైలు ముక్కను మెల్లగా పక్కకు నెట్టి, బకెట్టు దగ్గర, ఆవిడకు అందేలా సర్దుకుని కూర్చుంది.

ఆయన దాన్ని కావలించుకుని లాగాడు. వెంట్రుకవాసి కదల్లేదు. "అది నాది," అన్నాడు, పట్టు వదలకుండా.

"నీది కాదన్నానా? తీసుకుపో."

ఆయన మళ్లీ లాగాడు. ఆవిడకు జాలేసింది, అయినా తగ్గలేదు.

"దెబ్బ పడక ఏడాదైంది దానికి. ఎన్నాళ్లని ఊరికే కూర్చుంటుంది అన్నయ్యా? నేనూ అంతే. లే, నిప్పురవ్వలు పడతాయి."

ఆయన లేచి పక్కకు జరిగాడు. ఆవిడ ఎర్రటి ఉక్కును తండ్రి దాగలి మీద పెట్టి, ఒంట్లో బలమంతా తెచ్చి సుత్తి దించింది. ఆ వారంలోనే హోటల్‌వాళ్లు అంట్లకు వేరే మనిషిని వెతుక్కున్నారు.